నెలలు నిండకుండా కాన్పులు నిజంగానే పెరిగినాయా? పోయినసారి ఎనిమిదో నెలలో బిడ్డ పోతే ఈసారి ఏం చూసుకోవాలి?

తమ్ముడూ, మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తా, చదివే మిగతావాళ్ళకు కూడా తెలియాలి కదా. మీది ఆదోని దగ్గర పల్లె, మీ ఆవిడకు ఇప్పుడు ఐదో నెల, పోయినసారి ఎనిమిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది, ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేదు. ఈ మధ్య చుట్టుపక్కల ఏడో నెల ఎనిమిదో నెల కాన్పులు ఎక్కువ వింటున్నారు, ఇవి నిజంగా పెరిగినాయా, మాకు మళ్ళీ అట్లే అవుతుందా అని మీ భయం.

నేను గైనకాలజిస్టుని, కర్నూలు అనంతపురం జిల్లాల్లో సర్కారు ఆసుపత్రుల లేబర్ రూముల్లోనే నా సర్వీసంతా. సూటిగా జవాబు ఇది: నెలలు నిండని కాన్పులు తగ్గలేదు, దాదాపు అట్లే ఉన్నాయి. కడుపులో బిడ్డ పోవడం మాత్రం ముందుతో పోలిస్తే సగానికి తగ్గింది. మీ ఆవిడకు ఈసారి బిడ్డ క్షేమంగా చేతికి వచ్చే అవకాశమే చాలా చాలా ఎక్కువ. కాకపోతే ఆమెను మామూలు గర్భిణిలాగా చూడకూడదు, వారం వారం లెక్క పెట్టుకుని చూడాల్సిన కేసు, బిడ్డ కదలిక తగ్గిందంటే తెల్లారేదాకా ఆగకూడని కేసు.

లెక్కలు ఎందుకు నమ్మాలో చెప్తా. 37 వారాలు నిండకముందు పుడితే నెలలు నిండని బిడ్డ అంటాం. 2020లో ప్రపంచం మొత్తం మీద అట్ల పుట్టినవాళ్ళు సుమారు 1 కోటీ 34 లక్షలు, అంటే దాదాపు పదిమందిలో ఒకరు. 2010లో 100కు 9.8, 2020లో 9.9, అంటే పదేళ్ళలో ఏమీ కదల్లేదు. మన దేశంలోనే సుమారు 30 లక్షల మంది, ఏ దేశంలోనూ ఇంతమంది లేరు, 100 కాన్పుల్లో 13 దాకా ఇట్లాంటివే. ఇక 28 వారాలు దాటినాక కడుపులో బిడ్డ పోవడం, మన దేశంలో 2000 సంవత్సరంలో వెయ్యి కాన్పులకు 30కి దగ్గరగా ఉండేది, 2019కి 14కి వచ్చింది. తగ్గింది నిజమే గానీ ఆ ఒక్క ఏడాదిలోనే 3 లక్షల 40 వేల మంది తల్లులు ఉత్త చేతులతో ఇంటికి పోయినారు. 2030 కల్లా దీన్ని పదిలోపుకి తేవాలని 2014లోనే కేంద్రం లక్ష్యం పెట్టుకుంది.

మరి పల్లెల్లో పెరిగినట్టు ఎందుకు అనిపిస్తుందంటే, వెనకటికి ఇంట్లోనే కాన్పు అయి ఏడో నెల బిడ్డ పోతే మట్టిలో పెట్టి ఊరుకునేవాళ్ళు, బయట ఎవరికీ తెలిసేది కాదు, ఏ కాయితంలోకీ ఎక్కేది కాదు. ఇప్పుడు ఆ బిడ్డే ఎస్‌ఎన్‌సీయూలో, అంటే పసిబిడ్డల ఐసీయూలో, నెలరోజులుండి బతికి వస్తా ఉంది, ఊరంతా చూస్తా ఉంది. స్కాన్లు వచ్చినాయి కాబట్టి వారాలు కూడా కరెక్టుగా తెలుస్తున్నాయి.

ఇంకో కారణం ఉంది, ఇది చాలామందికి తెలీదు. నెలలు నిండని కాన్పుల్లో కొన్ని వాటంతట అవి వచ్చేవి కావు, మేము కావాలని చేసేవి. తల్లికి బీపీ చేయి దాటిపోతా ఉంటే, బిడ్డకు మాయ (ప్లాసెంటా) నుంచి రక్తం సరిగ్గా పోకుంటే, లోపలే ఉంచితే పోతుందని తెలిసి 35, 36 వారాలకే బయటికి తీస్తాం. ఆ కాన్పు నెలలు నిండని లెక్కలో పడుతుంది, కడుపులో పోయిన లెక్కలో ఒకటి తగ్గుతుంది. అందుకే ఈ రెండు అంకెల్ని విడివిడిగా చూసి బాగుందనో బాగాలేదనో అనలేం.

ఒక అమ్మాయి గురించి చెప్తే బాగా అర్థమవుతుంది. కోసిగి దిక్కు అమ్మాయి, ఇరవై రెండేళ్ళు కూడా ఉండవు. మీకు తెలిసిందే కదా, మన పడమటి మండలాల నుంచి సంక్రాంతి అయినాక ఇంటికి తాళమేసి గుంటూరు దిక్కు మిరప కోతలకు పోతారు. ఆ అమ్మాయి ఐదో నెలలో పోయింది, ఎనిమిదో నెలలో వచ్చింది. లేబర్ రూములోకి వచ్చేసరికి కాళ్ళు ఎంత వాచినాయంటే మెట్టెలు వేళ్ళలోకి దిగిపోయినాయి, నుదురంతా అమృతాంజనం వాసన, తలనొప్పి వారం నుంచి ఉందంట. ఎంసీపీ కార్డు, అదే గర్భిణికి ఇచ్చే తల్లీబిడ్డల కార్డు, పాలిథీన్ కవర్లో నాలుగు మడతలు పెట్టి భద్రంగా తెచ్చింది, తెరిస్తే అందులో బీపీ రాసింది రెండేసార్లు, రెండూ ఊరు దాటి పోకముందువే. బీపీ 170 బై 110. బిడ్డ రెండు రోజుల నుంచి మెదల్లేదు అంది. ముందురోజే చెప్తే మేస్త్రీ పొద్దున చూద్దాంలే అన్నాడంట. స్కాన్ పెడితే గుండె చప్పుడు లేదు. అంత బీపీకి ఆమెకు గుర్రపువాతం (బీపీతో వచ్చే ఫిట్స్) రాకుండా కాపాడుకోవడమే ఆ రాత్రి మా పని అయింది.

అదే అమ్మాయి మళ్ళీ కడుపుతో వచ్చింది, ఈసారి మూడో నెలలోనే. కోతలకు పోలేదు, మొగుడు ఒక్కడే పోయినాడు. 12 వారాలకే ఆస్పిరిన్ చిన్న డోసు మొదలుపెట్టినాం, కాల్షియం ఇచ్చినాం, ఊర్లో ఏఎన్ఎం పదిహేను రోజులకొకసారి బీపీ చూసి ఫోన్ చేసేది. 34 వారాలకు బీపీ పెరగడం మొదలైంది, అడ్మిట్ చేసుకుని మందులతో నెట్టుకొచ్చి 36కు కాన్పు చేసినాం. 2 కేజీల 200, ఆడబిడ్డ, పుట్టగానే ఏడ్చింది. ఆ పాప లెక్క ప్రకారం నెలలు నిండని బిడ్డే, కానీ నా దృష్టిలో ఆ కాన్పు గెలుపు.

దీనికి పూర్తిగా తిరగబడిన పని ఒకటి ఉంది, అది చూస్తే నాకు ఇప్పటికీ బాధే, ముహూర్తం సిజేరియన్లు. తల్లికి జబ్బు లేదు, బిడ్డకు ఇబ్బంది లేదు, కానీ మంచి నక్షత్రం ఫలానా తేదీ ఉంది కాబట్టి 36 వారాలకే తీసేయమంటారు. ఆంధ్రలో 100 కాన్పుల్లో 42 సిజేరియన్లే అని 2019-21 సర్వే చెప్తుంది, అన్నీ అనవసరం అనను, చాలా ప్రాణాలు నిలబెట్టినవి ఉన్నాయి, కానీ ముహూర్తానివి ఎందుకు? బయట నుంచి అట్లాంటి బిడ్డ ఒకటి మా దగ్గరికి వచ్చింది, చూడ్డానికి రెండున్నర కేజీలు, ముద్దుగా ఉంది, కానీ ఊపిరి వదిలిన ప్రతిసారీ మూలుగు, పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకుపోతా ఉంది, ముక్కుపుటాలు ఎగరేస్తా ఉంది. ఊపిరితిత్తులు ఇంకా తయారు కాలేదు. ఐదారు రోజులు ఆక్సిజన్ మీద ఉండి బతికింది, తల్లి ఒక ఆసుపత్రిలో బిడ్డ ఇంకో ఆసుపత్రిలో. అమెరికాలో 2006లో నెలలు నిండని కాన్పులు 100కు 12.8 దాకా పోయినాయి, కారణం లేకుండా 39 వారాల ముందు కాన్పు చేయొద్దని గట్టిగా పట్టుకోవడం కూడా తోడై 2012కి 11.5కి వచ్చినాయి, ఆగినందువల్ల కడుపులో బిడ్డలు పోవడం ఆ ఏళ్ళలో పెరగలేదు. అంటే కారణం ఉంటే ముందే తీయాలి, కారణం లేకుంటే ఆగాలి, ఆ కారణం డాక్టరు చెప్పాలి గానీ పంచాంగం కాదు.

మీ అమ్మగారు ఎనిమిదో నెల గురించి భయపెడుతున్నారని రాసినారు కదా, ఏడో నెలలో పుడితే బతుకుతుంది ఎనిమిదో నెలలో పుడితే బతకదు అని. ఇది పూర్తిగా తప్పు. లోపల గడిచిన ప్రతి వారం బిడ్డకు బలమే, 28 కంటే 32, 32 కంటే 34, అంతే. ఈ మాట ఊరికే మాటగా ఉంటే నేను ఇంత గట్టిగా చెప్పేదాన్ని కాదు, దీనివల్ల ప్రాణాలు పోతున్నాయి. 33 వారాల బిడ్డను కర్నూలుకు రెఫర్ చేస్తే "ఎనిమిదో నెల కదమ్మా, ఎట్లా నిలబడదంట, ఎందుకు అంత దూరం" అని అంబులెన్స్ ఎక్కించకుండా ఇంటికి తీసుకుపోదామన్న అత్తలను చూసినా. అట్ల నేను గొడవపడి పంపించిన పాప ఒకామె ఇప్పుడు బడికి పోతా ఉంది.

మన జిల్లాల్లో ఎందుకు ఎక్కువ అంటే ఒక్క కారణం లేదు. రక్తం తక్కువ, 2019-21 సర్వేలో రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతే. చిన్న వయసు పెళ్ళిళ్ళు, 18 నిండకముందే పెళ్ళయిన ఆడపిల్లలు అదే సర్వేలో పదిమందిలో ముగ్గురికి దగ్గరగా ఉన్నారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మంట లేకుండా కూడా ఉంటుంది, పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. చేను పనికి పోయే ఆడవాళ్ళు మరుగు దొరకదని నీళ్ళు తాగడమే తగ్గించుకుంటారు, దానికి ఇది తోడు. మేనరికాలు కూడా మన దిక్కు ఎక్కువ, బిడ్డలో లోపాలు వచ్చే అవకాశం వాటివల్ల కొంత పెరుగుతుంది. వీటిలో చాలావాటికి మందు ఉంది, మాత్రలు ఉన్నాయి, ఐరన్ మాత్ర పడటం లేదంటే రక్తనాళానికి ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి, దాని గురించి ఎక్కువ రాయను.

ఎండ గురించి మాత్రం రాస్తా, ఎవరూ పట్టించుకోరు కాబట్టి. ఎన్నో దేశాల స్టడీలు కలిపి 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వేసినారు, వేడి ఒక్క డిగ్రీ పెరిగితే నెలలు నిండని కాన్పుల అవకాశం సుమారు 5 శాతం పెరుగుతుంది, కడుపులో బిడ్డ పోయేదీ అంతే. మన అనంతపురం, కర్నూలు ఎండాకాలం మీకు నేను చెప్పాలా. ఏప్రిల్ మే నెలల్లో మధ్యాహ్నం 11 నుంచి 4 దాకా కడుపుతో ఉన్న మనిషి చేన్లో ఉండకూడదు, ఉపాధి పనికి పోయినా ఎండ ఎక్కకముందే తిరిగి రావాలి, రేకుల ఇల్లయితే పగలు పక్కింటి మిద్దె కింద కూర్చున్నా సరే. కూలి పోతుంది, నాకు తెలుసు, అందుకే ఇది ఆమెకు చెప్పే మాట కాదు, ఇంట్లో మొగవాళ్ళకు చెప్పే మాట.

ఇప్పుడు మీ ఆవిడ సంగతి.

మొట్టమొదట పోయినసారి కాయితాలు వెతకండి. డిశ్చార్జి సమ్మరీ, స్కాన్లు, ఎంసీపీ కార్డు. అప్పుడు బీపీ ఎంత ఉంది, షుగర్ ఉందా, బిడ్డ బరువు ఎంత, ఉమ్మనీరు ఎట్ల ఉంది, మాయ ముందే విడిపోయిందని ఎక్కడైనా రాసినారా. బిడ్డ బరువు వారాలకు తగ్గట్టు లేకుంటే మాయ సరిగ్గా పనిచేయలేదని మాకు అర్థమవుతుంది. బ్లడ్ గ్రూపు నెగటివ్ అయితే యాంటీబాడీ పరీక్ష చేయాలి. ఏపీఎల్‌ఏ అని రక్తపరీక్ష ఉంది, రక్తం గడ్డకట్టే గుణం వల్ల బిడ్డలు పోతున్నారేమో చూసేది, ఒకసారి పాజిటివ్ వస్తే 12 వారాలకు మళ్ళీ చేసి ఖాయం చేసుకోవాలి. అది నిజంగా ఉంటే మందు ఉంది, బిడ్డలు నిలబడతారు. థైరాయిడ్, సిఫిలిస్ పరీక్షలు కూడా చూసుకోండి, చవకే. అన్నీ చేసినా కారణం దొరకని కేసులు ఉంటాయి, చాలానే ఉంటాయి, దొరకలేదంటే మళ్ళీ అవుతుందని కాదు. ధనిక దేశాల్లో లక్షలమందిని చూసి 2015లో తేల్చింది ఏమంటే ఒకసారి ఇట్ల పోయినవాళ్ళకు మళ్ళీ అట్లే అయింది 100లో రెండున్నర మందికి. మిగతావాళ్ళతో పోలిస్తే ఎక్కువే, వాళ్ళకు అర కూడా లేదు. కానీ 100లో 97 మందికి మళ్ళీ అట్ల కాలేదు, మన దగ్గర ఆ అంకె వేరుగా ఉండొచ్చు, దిశ అదే.

ఐదో నెల అన్నారు, అది 18 వారాలా 20 వారాలా? మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్ ఉంటే డేటు దాని ప్రకారం లెక్క వేయించుకుని కార్డు మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి, నెలల్లో కాదు వారాల్లో. టిఫా స్కాన్, అంటే బిడ్డ అవయవాలన్నీ వివరంగా చూసే స్కాన్, ఇప్పుడే తీయించాలి, అందులోనే గర్భసంచి మూతి పొడవు కూడా చూడమని అడగండి, 25 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంటే ప్రొజెస్టిరాన్ మాత్రలు, కొందరికి కుట్టు వేస్తాం, దీంతో ముందే నొప్పులు వచ్చే అవకాశం తగ్గుతుంది. పోయినసారి బీపీ ఉండి ఉంటే ఆస్పిరిన్ గురించి డాక్టర్ని వెంటనే అడగండి, అది 16 వారాల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది, మీరు ఆలస్యంగా ఉన్నారు కాబట్టి ఇవ్వాలా వద్దా డాక్టరే చూసి చెప్తుంది. మీ అంతట మీరు మెడికల్ షాపులో కొని వేయొద్దు. గ్లూకోజు నీళ్ళు తాగించి రెండు గంటల తర్వాత చేసే షుగర్ పరీక్ష చేయించండి. 28 వారాల నుంచి నెలకొకసారైనా బిడ్డ ఎదుగుదల స్కాన్ కావాలి, బీపీ మాత్రం పదిహేను రోజులకొకసారి. ప్రతినెలా 9వ తేదీ పీహెచ్‌సీల్లో, ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు చూపు ఉచితంగా ఉంటుంది, 2016 నుంచి నడుస్తా ఉంది, ఆ రోజు పోగొట్టుకోవద్దు.

28 వారాలు దాటినాక బిడ్డ కదలిక. ఇది నేను ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. రోజూ ఒకే టైములో, అన్నం తిన్నాక పక్కకు తిరిగి పడుకుని లెక్క పెట్టుకోమనండి, రెండు గంటల్లో పది కదలికలు రావాలి. లెక్క కంటే ముఖ్యం, రోజూ ఎట్ల తిరుగుతుందో ఆ తల్లికి తెలుస్తుంది, ఆ తీరు మారిందని ఆమెకు అనిపిస్తే చాలు, అదే కారణం, బయలుదేరాలి. నెలలు నిండేకొద్దీ బిడ్డ తిరగడం తగ్గిస్తుందని చెప్తారు, అబద్ధం, చివరిదాకా తిరగాలి. తీపి నీళ్ళు తాగి చూద్దాం, పొద్దున పోదాం, ఈరోజు అమావాస్య, గడప దాటకూడదు, ఇవన్నీ విన్నా, వీటి తర్వాత ఏమయ్యేదో కూడా చూసినా. 108కి ఫోన్ చేయండి, రాత్రి ఒంటిగంట అయినా సరే. ఆసుపత్రిలో కూడా గుండె చప్పుడు ఒక్కసారి వినిపించి బాగుంది పొమ్మంటే ఒప్పుకోవద్దు, ఇరవై నిమిషాలు బెల్టు కట్టి చూసే ఎన్‌ఎస్‌టీ చేయమని అడగండి, మర్యాదగా అడగండి, కానీ అడగండి. ఏమీ లేదని తేలితే ఇంకా మంచిది, ఊరికే వచ్చినారని మేమెవరం కోప్పడం, మళ్ళీ అనిపిస్తే మళ్ళీ రావాలి. ఇంకొకటి, 28 వారాల తర్వాత వెల్లకిలా పడుకోకుండా పక్కకు పడుకోవాలి, ఎడమైనా కుడైనా పరవాలేదు.

తలనొప్పి తగ్గకపోవడం, కళ్ళు మసకలు, పైకడుపులో నొప్పి, ముఖం వాపు, అరిచేతులు అరికాళ్ళు విపరీతమైన దురద, ఉమ్మనీరు కారడం, రక్తం కనపడటం, పది పదిహేను నిమిషాలకొకసారి కడుపు గట్టిపడి నడుము లాగడం, ఇవి ఏవి ఉన్నా అదే రోజు ఆసుపత్రికి రావాలి.

ఒకవేళ ముందే నొప్పులు వచ్చినాయే అనుకోండి, అప్పుడు కూడా చేతులెత్తేయాల్సిన పని లేదు. 34 వారాల లోపు అయితే బిడ్డ ఊపిరితిత్తులకు ఇచ్చే డెక్సామెథసోన్ ఇంజెక్షన్లు పడినాయా అని అడగండి. 6 ఎంజీ, 12 గంటలకొకటి, నాలుగు. 1972లో న్యూజిలాండ్ డాక్టర్లు ఇట్లాంటి స్టిరాయిడ్‌తో బిడ్డలు బతుకుతారని చూపించినారు, మన ప్రభుత్వం 2014లో దీన్ని కింది ఆసుపత్రుల దాకా తెచ్చింది, రెఫర్ చేసేముందు ఏఎన్ఎం కూడా మొదటి డోసు ఇవ్వొచ్చు. ఖర్చు చాలా తక్కువ, ప్రాణం నిలబెట్టే మందు. బిడ్డల ఐసీయూ ఉన్న చోటే కాన్పు కావాలి, కర్నూలు, అనంతపురం పెద్దాసుపత్రుల్లో, కడప రిమ్స్‌లో ఉంది. పుట్టినాక తీసుకుపోవడం కంటే కడుపులో ఉండగానే తీసుకుపోవడం వెయ్యిరెట్లు మంచిది, తల్లి కడుపు కంటే మంచి అంబులెన్స్ లేదు.

పుట్టినాక తల్లి ఎదకు ఆనించి పెట్టే కంగారూ పద్ధతి. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టినారు, 2021లో మన ఢిల్లీ ఆసుపత్రి కూడా ఉన్న పెద్ద స్టడీలో పుట్టిన వెంటనే మొదలుపెడితే చావులు నాలుగో వంతు తగ్గినాయని తేలింది. అనంతపురంలో ఉరవకొండ నుంచి వచ్చిన ఒక అవ్వ, కూతురికి జ్వరమొస్తే తనే రవిక గుండీలు విప్పి 1100 గ్రాముల మనవణ్ణి ఎదమీద పెట్టుకుని, పైన తువ్వాల చుట్టుకుని, గంటల తరబడి కదలకుండా కూర్చునేది, బాత్రూముకు పోవాలంటే నర్సును పిలిచి బిడ్డను ఇచ్చి పోయేది. తండ్రులు కూడా చేయొచ్చు, చొక్కా విప్పితే చాలు. మీరు కూడా ఇప్పుడే నేర్చుకోండి.

ఇంకో మాట, మీ ఆవిడకు చదివి వినిపించండి. పోయినసారి బిడ్డ పోయింది ఆమె బొప్పాయి తిన్నందుకు కాదు, గ్రహణం చూసినందుకు కాదు, బరువెత్తినందుకో మెట్లెక్కినందుకో కాదు. ఆమె ఏ తప్పూ చేయలేదు. ఎనిమిదో నెల దగ్గరపడేకొద్దీ ఆమెకు నిద్ర పట్టదు, ప్రతి చిన్నదానికీ భయపడుతుంది, అది సహజం, ఊరుకో అనొద్దు, ఆసుపత్రికి తీసుకుపోండి. కాన్పు ఎప్పుడు చేయాలో కూడా ముందే మాట్లాడుకోండి, అంతా బాగుంటే చాలావరకు 38, 39 వారాలకు ప్లాన్ చేస్తాం, అంతకుముందు తీయాలంటే కారణం అడిగి తెలుసుకోండి.

మీ ఆవిడ బ్లడ్ గ్రూపు, పోయినసారి చివర్లో ఉన్న బీపీ, పోయిన బిడ్డ బరువు, ఈసారి మొదటి స్కాన్ తేదీ, ఈ నాలుగూ దొరికితే ఇక్కడే కింద రాయండి, పేర్లు ఆసుపత్రి పేరు వద్దు. వాటిని బట్టి ఆస్పిరిన్ సంగతి, ఏపీఎల్‌ఏ పరీక్ష సంగతి డాక్టర్ని ఏమని అడగాలో ఇంకొంచెం వివరంగా రాస్తా. టిఫా స్కాన్‌కు మాత్రం నా జవాబు కోసం ఆగొద్దు, ఈ వారమే తీయించండి.